ఇంటి దగ్గర బంగారం, పోటీలో మొరాయింపు: స్టార్ట్ బాక్స్ దాటని గుర్రంతో ఏం చేయాలి?

లొల్ల_లాకులు | నవంబరు 9, రాత్రి 8:52

అందరికీ నమస్కారం. మాది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. మా గుర్రం పేరు బాదం. థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి), తొమ్మిదేళ్ళు, విత్తులు తీసిన మగది. రేసుల నుంచి రిటైరయ్యాక మా నాన్నగారు తీసుకొచ్చారు. నేను బెంగళూరులో చదువుకునేటప్పుడు ఈవెంటింగ్ (డ్రెసాజ్, క్రాస్ కంట్రీ, షో జంపింగ్ మూడూ కలిసిన గుర్రపుస్వారీ పోటీ) నేర్చుకున్నాను. ఇప్పుడు ప్రాక్టీసంతా ఇంటి దగ్గరే, పోటీలకి మాత్రం లారీలో బెంగళూరు తీసుకెళ్తాం.

ఇంటి దగ్గర బాదంతో ఏ పేచీ లేదు. కాలువ గట్టు మీద ఒంటరిగా ఎంత దూరమైనా వెళ్తాడు. ట్రాక్టర్లు, కొబ్బరికాయల లారీలు, ఊరేగింపులో డీజే, దేనికీ బెదరడు. కొబ్బరి దుంగలతో ఫెన్సులు (దూకడానికి అడ్డాలు) చేసుకున్నాం, వాటిని హాయిగా దూకుతాడు. పంటబోదెలైతే (పొలాల్లోని చిన్న కాలువలు) చూడకుండానే దాటేస్తాడు.

పోటీలో డ్రెసాజ్ (చెప్పినట్టు అడుగులు వేయడం) బాగా చేస్తాడు, షో జంపింగ్ (మైదానంలో కర్రల మీంచి దూకడం) పర్వాలేదు. క్రాస్ కంట్రీకి (ఆరుబయట దూరం పరిగెత్తుతూ ఫెన్సులు దూకడం) వచ్చేసరికే గొడవ. స్టార్ట్ బాక్స్‌లో (పరుగు మొదలుపెట్టే చిన్న ఆవరణ) స్టార్టర్ ఐదు, నాలుగు అని లెక్కపెడుతుంటే బాదం చెవులు రెండూ వెనక్కి, లారీలూ గుర్రపుశాలలూ ఉన్న వైపుకి తిరిగిపోతాయి. మెడ బిగుసుకుంటుంది. కాలు తగిలిస్తే ముందుకి కాకుండా పక్కకి జరుగుతాడు. బాక్స్‌లోంచి నాలుగడుగులు వేసి నిలబడిపోతాడు, తర్వాత వెనక్కి నడుస్తాడు, ఇంకా బలవంతం చేస్తే ముందుకాళ్ళు లేపుతాడు. ఎలాగో మొదటి ఫెన్సు దాటిస్తే, కోర్సు దూరంగా మలుపు తిరిగే చోట మళ్ళీ అదే పని. చివర్లో లారీల వైపు తిరిగే ఫెన్సులు మాత్రం పెద్దవైనా రెక్కలొచ్చినట్టు దూకేస్తాడు.

మొన్నటి పోటీలో ఎలిమినేట్ అయ్యాం. పక్కన చూస్తున్నవాళ్ళు "రెండు తగిలించు, దారికొస్తాడు" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఇలాంటి గుర్రంతో వేగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గట్టు_గుర్రాలు | నవంబరు 9, రాత్రి 10:15

చెల్లీ, నేను సంక్రాంతి పందేలకి గుర్రాలు పెంచుతాను, అంబాజీపేట వైపు. నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోకు. ఇంటి దగ్గర అన్నీ చేసి అక్కడ చేయట్లేదంటే వాడికి పని రాక కాదు. నువ్వు అక్కడ టెన్షన్ పడుతున్నావని వాడికి తెలిసిపోయింది. ఒకసారి ఆగితే ఏమీ జరగలేదు, రెండోసారీ ఆగాడు. గుర్రానికి మనం లోకువైపోతే తర్వాత మన చేతిలో ఉండదు. గట్టిగా ఒక్కసారి కమ్చీతో చెప్పాల్సిందే.

పాలకొల్లు_పశువైద్యుడు | నవంబరు 10, ఉదయం 6:30

కమ్చీ సంగతి తర్వాత చూద్దాం. మొరాయించే గుర్రానికి ముందు ఒళ్ళంతా పరీక్ష చేయించాలి. నొప్పి ఉన్న గుర్రం ఇంటి దగ్గర మామూలు పనికి ఓర్చుకుని, పోటీలో ఎక్కువ పని అడిగినప్పుడు ఎదురు తిరగడం కొత్తేమీ కాదు.

అమ్మా, కొన్ని ప్రశ్నలు. జీను ఎప్పుడు కొన్నారు? దాన్ని బిగించేటప్పుడు కొరకబోతాడా, చెవులు వెనక్కి వేస్తాడా? పళ్ళు ఎప్పుడు చూపించారు? మేత ఏమిటి, రోజుకి ఎన్నిసార్లు? బెంగళూరు ప్రయాణంలో దారిలో మేత ఉంటుందా? ఇంటి దగ్గర తోడుగా ఏ జంతువు ఉంది?

లొల్ల_లాకులు | నవంబరు 10, మధ్యాహ్నం 1:40

సార్, జీను వాడు వచ్చిన కొత్తలో కొన్నదే. అప్పటికంటే ఇప్పుడు వీపు బాగా నిండింది. బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తాడు, ఈ మధ్య తల తిప్పి చూస్తున్నాడు కూడా. పళ్ళు చూపించి చాలా కాలమైంది. మేత పచ్చిగడ్డి, ఎండు వరిగడ్డి, ఉదయం సాయంత్రం నానబెట్టిన ఉలవలు, తవుడు. తవుడు కాస్త ఎక్కువే పెడతాం, మా మిల్లులోదే. లారీలో మేత కట్టం, కుదుపుల్లో కడుపునొప్పి వస్తుందని మా డ్రైవరు ఒప్పుకోడు.

తోడు అంటే మా గేదె. చుట్టుపక్కల ఇంకో గుర్రమే లేదు. ఇక్కడ ప్రతి ఊళ్ళో కాటన్ దొర విగ్రహం గుర్రం మీదే ఉంటుంది గానీ, నిజం గుర్రాన్ని చూడడానికి ఇప్పటికీ పిల్లలు మా ఇంటికొస్తారు.

పాలకొల్లు_పశువైద్యుడు | నవంబరు 10, రాత్రి 9:05

చాలా సంగతులు దొరికాయి. ఒక్కొక్కటే చెబుతాను.

ముందు తవుడు. మన జిల్లాల్లో మిల్లు పక్కనే ఉంటుంది కాబట్టి గుర్రాలకీ గేదెలకి పెట్టినట్టే పెట్టేస్తాం. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. గుర్రానికి రెండు పాళ్ళు కాల్షియానికి ఒక పాలు భాస్వరం దరిదాపుల్లో ఉండాలి. భాస్వరం ఎక్కువైతే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. మొదట్లో పైకి ఏమీ కనబడదు. ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు బరువుగా వేస్తుంది, దూకడానికి వెనకాడుతుంది. ముదిరితే ముఖం ఎముకలే ఉబ్బుతాయి. తవుడు బాగా తగ్గించండి. కాల్షియం ఎంత కలపాలో రక్తపరీక్ష చూసి చెప్పించుకోండి.

రెండోది కడుపు. గుర్రం కడుపులో యాసిడ్ తిన్నా తినకపోయినా రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. పగలంతా ఏదో ఒకటి నములుతూ ఉండాల్సిన జీవి అది. బెంగళూరు దాకా దాదాపు 800 కిలోమీటర్లు ఖాళీ కడుపుతో తీసుకెళ్తే పుండ్లు పడే అవకాశం బాగా ఉంది. పట్టీ బిగిస్తుంటే తల తిప్పి చూడడం అందులో ఒక లక్షణం. ఖాయంగా తెలియాలంటే గొట్టం కెమెరాతో చూడాలి, ఆ సౌకర్యం ఎక్కడ దొరుకుతుందో మీ డాక్టర్ని అడగండి. మందు సొంతంగా మొదలుపెట్టొద్దు. ఏ ప్రయాణంలోనైనా గడ్డి వలలో కట్టి ముందు ఉంచండి. మూడు నాలుగు గంటలకోసారి ఆపి నీళ్ళు పెట్టండి. తల కిందికి దించనివ్వండి. తల పైకి కట్టేసి గంటలు గంటలు ప్రయాణం చేయిస్తే ఊపిరితిత్తుల్లో చీము పట్టే జబ్బు వస్తుంది.

మూడోది, మీ గేదె. సర్రా అనే జబ్బు పేరు విని ఉంటారు. జోరీగల వల్ల ఒక జంతువు నుంచి ఇంకోదానికి వస్తుంది. గేదెలు, ఎద్దులు చాలాసార్లు పైకి ఏ లక్షణమూ లేకుండా ఆ సూక్ష్మజీవిని మోస్తాయి, గుర్రానికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది. ఉండి ఉండి జ్వరం, పొట్ట కింద వాపు, నీరసం. ఓపిక లేని గుర్రాన్ని మొండిదనుకుని కొట్టినవాళ్ళని చూశాను. గేదెనీ గుర్రాన్నీ విడదీయమనను. రెండింటికీ రక్తం చూపించండి.

జీను సంగతి మీరే చెప్పారు. వీపు మారింది, జీను మారలేదు.

మీరట్_నుంచి_ముమ్మిడివరం | నవంబరు 11, ఉదయం 5:20

డాక్టరు గారు చెప్పినవన్నీ ముందు జరగాలి. నేను సైన్యంలో గుర్రాల్ని చూసుకునే రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో పనిచేసి రిటైరయ్యాను. నాకు ఇందాకటి నుంచి ఒక్క విషయమే కళ్ళముందు కదులుతోంది. అమ్మాయి రాసినదాంట్లోనే ఉంది: చుట్టుపక్కల ఇంకో గుర్రమే లేదు.

గుర్రం మంద జంతువు. బాదం ఏడాది పొడుగునా తన జాతిని చూడడు. లారీ దిగగానే పక్క అరలో గుర్రం, ఎదుటి అరలో గుర్రం, వార్మప్‌లో ఇంకా బోలెడు. ఒక్క రాత్రిలో పక్క అర గుర్రంతో బంధం కుదిరిపోతుంది. తెల్లారి వాటన్నిటినీ వదిలేసి ఒక్కడివే అడవిలోకి పో అంటున్నాం. ఇంటి దగ్గర ఒంటరిగా వెళ్తాడు నిజమే, అక్కడ వదిలి వెళ్ళాల్సినది ఏదీ లేదు కదా. గేదె మేత మేస్తూ ఉంటుంది, వాడొచ్చేసరికి అక్కడే ఉంటుంది. అంచేత వాడికి ఒంటరిగా వెళ్ళడం వచ్చు, తోటి గుర్రాల్ని విడిచి వెళ్ళడం ఎవరూ నేర్పలేదు.

అశ్వదళాల్లో దీనికో డ్రిల్ ఉంది. గుర్రాలు వరసలో నిలబడతాయి. ఒక్కో గుర్రం వరస విడిచి ముందుకెళ్ళి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ తన చోటికి రావాలి. వరసలో నడిచి నడిచి అలవాటైన గుర్రానికి ఆ నాలుగడుగులు బయటికి వేయడమే అన్నిటికంటే కష్టమైన పని. పాత సవార్లు ఏ గుర్రాన్నైనా ముందు ఇక్కడే పరీక్షించేవారు.

అమ్మా, నీకు ఇంకో రెండు గుర్రాలు కావాలి. పెళ్ళి ఊరేగింపు గుర్రాలైనా సరే.

గట్టు_గుర్రాలు | నవంబరు 11, ఉదయం 7:48

గుర్రాలు కావాలంటే నా దగ్గర రెండు ఆడగుర్రాలున్నాయి. నెమ్మదైనవి. ఆదివారాలు ఖాళీ. వ్యాన్‌లో తీసుకొస్తాను, గట్టు వెంట వస్తే రావులపాలెం దాకా ఎంతసేపు.

అయితే నా మాట నేను వదులుకోను. గుర్రం ముందుకాళ్ళు లేపుతుంటే బుజ్జగిస్తూ కూర్చుంటే మీద పడుతుంది.

మీరట్_నుంచి_ముమ్మిడివరం | నవంబరు 11, రాత్రి 8:10

తమ్ముడూ, నీ గుర్రాలు ఇస్తానన్నావు, సంతోషం. కాళ్ళు లేపడం గురించి నీ భయం న్యాయమైనదే, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందుకాళ్ళు లేపినప్పుడు కొడితే ఇంకా పైకి లేస్తుంది. పగ్గాలు లాగితే వెనక్కి పడుతుంది, అదీ సవారు మీదే. ఆ క్షణంలో చేతులు ముందుకి వదలాలి, ఒళ్ళు మెడ మీదికి వంచాలి, రికాబుల్లోంచి కాలు జారకూడదు. కాళ్ళు నేలకి తగలగానే ముందుకి పంపాలి. అసలు అక్కడిదాకా రానివ్వకపోవడమే విద్య. ఆగిన గుర్రం ముందు బిగుసుకుంటుంది, తర్వాత వెనకడుగు వేస్తుంది, ఆ తర్వాతే లేస్తుంది. బిగుసుకున్నప్పుడే ఒక పగ్గం పక్కకి తెరిచి, ఆ వైపు కాలు వెనకగా ఆనించి, వెనకకాళ్ళు ఒక అడుగు పక్కకి జరిగేలా చేయాలి. కాలు కదిలిందంటే బిగువు సడలిందన్నమాట. వెంటనే చేయి మెత్తగా, నడక ముందుకి. ఎడమవైపు గిరుక్కున తిరిగి పారిపోబోతే అటే తిప్పి చుట్టు కొట్టించొద్దు, కుడివైపు నుంచి తిప్పి అదే చోటికి తీసుకురావాలి. లేకపోతే వాడు అనుకున్నదే జరిగినట్టు లెక్క.

గొంతు మామూలుగా ఉండాలి. కళ్ళు ముందున్న ఫెన్సు అవతల చెట్టు మీద. గుర్రం చెవుల మధ్యలోకి చూస్తూ కూర్చునే సవారు ఎక్కడికీ పోడు.

భీమవరం_టు_బెంగళూరు | నవంబరు 11, రాత్రి 11:30

నేను బెంగళూరులో ఈవెంటింగ్ చేస్తాను. పోటీ రోజు సంగతులు నేను చెప్తా. కోర్సు మీద ఒకే ఫెన్సు దగ్గర మొదటి నిరాకరణకి 20 పెనాల్టీలు, రెండోదానికి 40, మూడోదానికి ఎలిమినేషన్. నిర్ణీత సమయం దాటితే సెకనుకి 0.4. అంటే ఒక్కసారి ఆగడం 50 సెకన్ల ఆలస్యంతో సమానం. టోక్యో ఒలింపిక్స్‌లో మన ఫవాద్ మీర్జా క్రాస్ కంట్రీలో ఒక్క ఫెన్సు దగ్గరా ఆగలేదు, 28 సెకన్లు ఆలస్యమయ్యాడు, 11.2 పెనాల్టీలు పడ్డాయి. కాబట్టి మొదటి పోటీల్లో సమయం పట్టించుకోకండి. నిదానంగా క్యాంటర్‌లో (తేలికపాటి దౌడు), ఆగకుండా, అన్నీ దాటితే చాలు.

స్టార్ట్ బాక్స్ గురించి చాలామందికి తెలియని విషయం: స్టార్ట్ సిగ్నల్ ఇచ్చేదాకా ఒక మనిషి గుర్రాన్ని పట్టుకుని నడిపించవచ్చు. సిగ్నల్ పడ్డాక మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు, అరవకూడదు, బయటి సాయం కింద ఎలిమినేట్ చేస్తారు. లోపల విగ్రహంలా నిలబెట్టాల్సిన పనీ లేదు. నేనైతే నా ఆడగుర్రాన్ని బాక్స్ వెనక పెద్ద చుట్లు తిప్పుతూ, చివరి కొద్ది సెకన్లలో పక్క నుంచి నడిపించి లోపలికి తెస్తాను. లోపల నిలబడి లారీల వైపు చూసే తీరిక దానికి దొరకదు.

ఇంకోటి. గుర్రపుశాలలు కేటాయించేటప్పుడే అడగండి, వరస చివరి అర ఇవ్వమని. ఇస్తారు.

కమ్చీ విషయం కూడా: పోటీలో అతిగా వాడితే స్టీవర్డులు (పోటీ పర్యవేక్షకులు) చూస్తూ ఊరుకోరు. కోపంతో కొట్టినా, ఎలిమినేట్ అయ్యాక కొట్టినా శిక్ష తప్పదు.

పోనీ_పాప_అమ్మ | నవంబరు 12, ఉదయం 10:22

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మేం కాకినాడలో ఉంటాం. మా అమ్మాయి పోనీ రైడింగ్ గ్రౌండ్ గేటు దగ్గరికొచ్చినప్పుడల్లా ఆగిపోతుంది. మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఇదీ అలాంటిదేనా?

మీరట్_నుంచి_ముమ్మిడివరం | నవంబరు 12, మధ్యాహ్నం 12:05

అలాంటిదేనమ్మా, చిన్నది. పాప రోజూ గేటు దగ్గరే దిగుతోందా? పోనీకి గేటంటే పని అయిపోవడం. ఇకనుంచి గేటుకి దూరంగా, మైదానం అవతలి మూల దిగి, జీను వదులు చేసి, నడిపించుకుంటూ బయటికి రమ్మనండి. గేటు దగ్గర పని చేయించి, దూరంగా విశ్రాంతి ఇవ్వండి. పాపకి హెల్మెట్, ఒంటికి రక్షణ జాకెట్ తప్పనిసరి.

లొల్ల_లాకులు | నవంబరు 30, రాత్రి 9:18

ఆలస్యానికి మన్నించండి. అందరికీ ఏం చెప్పాలో తెలియట్లేదు, ఇంత రాస్తారనుకోలేదు.

డాక్టరు వచ్చి చూశారు. వెనక పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గ లోపల కోసుకుంటున్నాయి. రాపించాం. జీను మూపు దగ్గర నొక్కుతోంది. వీపు మీద సుద్దపొడి చల్లి, పలచటి గుడ్డ కప్పి జీను వేసి, కాసేపు నడిపించి తీసి చూపించారు. గుడ్డ మీద ఎడమవైపు ఒక్కచోటే తెల్లగా దట్టంగా అంటుకుంది. కుడివైపు దాదాపు ఏమీ లేదు. అది చూశాక మా నాన్నగారు ఇంకేం మాట్లాడలేదు, జీను మార్చడానికి ఒప్పుకున్నారు. రక్తంలో సర్రా లేదు, గేదెకీ లేదు. తవుడు తగ్గించాం, గడ్డి పెంచాం. కెమెరా పరీక్ష తర్వాతి బెంగళూరు ప్రయాణంలో చేయిస్తాం. ఈలోగా రైడింగ్‌కి ముందు గుప్పెడు గడ్డి తినిపించమన్నారు, కడుపులో యాసిడ్ పైకి చిందకుండా.

ఆదివారం అన్నయ్య గుర్రాలు వచ్చాయి. బాదం వాటిని చూడగానే సకిలించిన సకిలింపు మా వీధి చివరిదాకా వినబడింది. ఒళ్ళంతా వణుకుతోంది. అప్పుడర్థమైంది బాబాయ్ గారు, మీరన్నది.

మీరట్_నుంచి_ముమ్మిడివరం | డిసెంబరు 1, ఉదయం 5:35

ఇక అసలు పని. తొందరపడొద్దు. మూడు గుర్రాలూ కలిసి గట్టు మీద నడవండి, పక్కపక్కన. బాదం మధ్యలో. అలవాటయ్యాక వాణ్ణి నాలుగడుగులు పక్కకి తీసుకెళ్ళి తిరిగి తీసుకురా. వాడు తల ఎత్తి సకిలించేలోపు తీసుకురావాలి, అదే కీలకం. సకిలించాక తెస్తే సకిలిస్తే తెస్తారని నేర్చుకుంటాడు. దూరం కొద్దికొద్దిగా పెంచు. తర్వాత వాడు ముందు, అవి వెనక. ఆ తర్వాత అవి గట్టు మీద ఆగిపోతాయి, వాడు ఒక్కడే లంక దారి పట్టి వెళ్ళి, వేరే దారిలో తిరిగొస్తాడు. ప్రతిసారీ తిరిగొచ్చేసరికి అవి అక్కడే ఉండాలి. వాడికి తెలియాల్సింది అదే: విడిచి వెళ్ళినా మంద ఎక్కడికీ పోదు.

అవే రెండు గుర్రాలతో రోజులు గడిపేస్తే వాటికే అలవాటవుతాడు. కొన్నాళ్ళయ్యాక ఇంకెవరి గుర్రాలైనా చూడు. రాజమండ్రిలో ఊరేగింపు గుర్రాలవాళ్ళని అడుగు.

ఇసుకలో మాత్రం పరిగెత్తించొద్దు. గోదావరి ఇసుక చూడడానికి మెత్తగా ఉంటుంది, లోతు ఇసుకలో దౌడు తీయిస్తే కాలి స్నాయువులు (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళు) తెగే ప్రమాదం ఉంది. లంకల్లో ఒండ్రు గట్టిపడిన దారులు వెతుక్కోండి.

గట్టు_గుర్రాలు | డిసెంబరు 15, రాత్రి 9:40

ఇవాళ చూసింది రాస్తాను. మా గుర్రాలు తుమ్మచెట్టు కింద ఆగాయి. బాదం కొంత దూరం వెళ్ళి నిలబడిపోయాడు. నేనైతే వెనకనుంచి అదిలించేవాణ్ణే. చెల్లి ఏమీ అనలేదు, కాలు తీయలేదు, లాగలేదు, అలాగే కూర్చుంది. వాడు తల తిప్పి మా వైపు చూశాడు, ఒక పెద్ద ఊపిరి వదిలాడు, పెదవులు నాక్కున్నాడు, నడిచాడు. నా గుర్రాల్లో ఒకటి బరి దగ్గర అడ్డం తిరుగుతుంది, దానికీ ఇది చేసి చూస్తాను.

పందెం గుర్రానికి బెత్తం అక్కర్లేదని నేను ఇప్పటికీ అనను. కానీ దీనికి మాత్రం కొట్టకపోవడమే మంచిదైంది.

పాలకొల్లు_పశువైద్యుడు | డిసెంబరు 16, ఉదయం 6:12

ఊపిరి వదలడం, నమలడం, పెదవులు నాక్కోవడం బిగువు దిగుతున్న గుర్తులు కావచ్చు. మెడ కిందికి దిగిందా, తోక ఊపడం ఆగిందా, అవీ చూసుకోండి. అన్నీ కలిపి చూస్తేనే అర్థం.

చలికాలం కదా అని ఉక్కపోతను మర్చిపోవద్దు. మన డెల్టాలో గాలిలో తడి ఎక్కువ, చెమట త్వరగా ఆరదు, గుర్రం ఒళ్ళు చల్లబడదు. పని అయ్యాక ముక్కుపుటాలు గబగబా ఆడుతున్నా ఒళ్ళు పొడిగా ఉంటే వెంటనే చెప్పండి. కొన్ని గుర్రాలకి ఇలాంటి వాతావరణంలో చెమట పట్టడమే ఆగిపోతుంది, అదీ పనికి మొరాయించడానికి ఒక కారణం.

లొల్ల_లాకులు | ఫిబ్రవరి 23, రాత్రి 8:05

బెంగళూరు నుంచి నిన్న తిరిగొచ్చాం.

ఈసారి కింది తరగతిలో పేరిచ్చాను. దారంతా గడ్డి ముందే ఉంది, ఆగినప్పుడల్లా తల దించి తుమ్మాడు, నీళ్ళు తాగాడు. పోటీకి బాగా ముందే చేరుకుని విశ్రాంతి ఇచ్చాం. కెమెరా పరీక్షలో చిన్న పుండ్లు కనబడ్డాయి, డాక్టరు మందు రాశారు. పోటీ మందుల నియమాల్లో అది వాడవచ్చో లేదో ముందే అడిగి రాయించుకున్నాం. వరస చివరి అర ఇచ్చారు.

వార్మప్‌లో మిగతా గుర్రాల నుంచి దూరంగా వెళ్ళడం, తిరిగి దగ్గరికి రావడం, అదే చేయించాను. నాన్నగారు బాక్స్ దాకా పట్టుకుని వచ్చారు. ఐదు, నాలుగు అంటుండగా ఒక చెవి వెనక్కి వెళ్ళింది. ఇంకోటి నా వైపు. "గో" అనగానే ఒక్క క్షణం ఆగాడు. కాలు ఆనించి ఉంచాను, చెయ్యి ముందుకిచ్చాను. వెళ్ళాడు.

మలుపు దగ్గర నెమ్మదించి సకిలించాడు. అవతల ఎక్కడినుంచో ఒక గుర్రం పలికింది కూడా. ఆగలేదు. ట్రాట్‌లోకి (చిన్న పరుగు) పడిపోయాడు, అలాగే ఫెన్సు దూకాడు, తర్వాత క్యాంటర్. నీళ్ళ దగ్గర ఒకసారి ఆగాడు, 20 పడ్డాయి. రెండోసారి వెళ్ళాడు. సమయం చాలా దాటింది. అయినా పూర్తి చేశాం. ఫినిష్ జెండాలు దాటాక నాన్నగారి గొంతు పెగల్లేదు.

నీళ్ళ దగ్గర ఎందుకు ఆగాడో అర్థం కావట్లేదు. బోదెలు దాటే గుర్రం కదా.

భీమవరం_టు_బెంగళూరు | ఫిబ్రవరి 23, రాత్రి 8:50

అభినందనలు! అది మొరాయింపు కాదులెండి, వేరే విషయం. బోదె నీళ్ళు దాటాల్సినవి, పోటీ నీళ్ళు దిగాల్సినవి. ఇన్నాళ్ళూ మీరు వాడికి నీళ్ళ మీద నుంచి దూకడం నేర్పారు, ఇప్పుడు అందులోకి దిగమంటున్నారు. కోర్సులో నీళ్ళ లోతు 35 సెంటీమీటర్లు మించకూడదు, అది గుర్రానికి తెలియదు కదా.

గట్టు_గుర్రాలు | ఫిబ్రవరి 23, రాత్రి 9:15

కాలువ రేవులో దింపితే సరి. పశువులు దిగే ఏటవాలు ఉంటుంది కదా లాకుల దగ్గర.

పాలకొల్లు_పశువైద్యుడు | ఫిబ్రవరి 23, రాత్రి 9:32

వద్దండి. రేవు అడుగున సీసా పెంకులు, వల ముక్కలు, మెత్తటి బురద. ఒకసారి కాలు దిగబడితే మళ్ళీ జన్మలో నీళ్ళలోకి రాడు. మీ పొలంలోనే ఒక మూల లోతు తక్కువ గుంట తవ్వించండి. దిగే వైపు, ఎక్కే వైపు బాగా ఏటవాలు. అడుగున గ్రావెల్ వేసి రోలరుతో దిట్టంగా తొక్కించి, దాని మీద మోటారుతో నీళ్ళు నింపండి. నల్లమట్టి మీద నేరుగా నీళ్ళు పోస్తే ఊబే. పని అయ్యాక నీళ్ళు తోడేయండి, దోమలూ జోరీగలూ చేరకుండా.

మీరట్_నుంచి_ముమ్మిడివరం | ఫిబ్రవరి 24, ఉదయం 5:10

మొదట మీ గేదెని దింపమ్మా. దాని వెనక వాడు నడిచి వస్తాడు. తర్వాత తమ్ముడి గుర్రాలు, ఆ తర్వాత ఒక్కడే. వరస అదే.

గట్టు_గుర్రాలు | ఫిబ్రవరి 24, ఉదయం 7:02

గ్రావెల్ రాజమండ్రి నుంచి ఒక లోడు వేయిద్దాం, ట్రాక్టరు నాది తెస్తాను. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక పొలం ఖాళీ అవుతుంది కదా, ఏ మూల తవ్వాలో నాన్నగారిని అడిగి ఉంచు చెల్లీ. కాలువలు కట్టేసేలోపు నీళ్ళు పెట్టి చూసుకోవాలి.